ముందు మాస్టారి కాళ్ళు చూడండి: రెండు డ్రైవింగ్ స్కూళ్ళు, రెండేళ్ళ తర్వాత నా సమీక్ష

కారు నేర్పేవాళ్ళ గురించి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే. డెమో క్లాసుకి వెళ్ళినప్పుడు ముందు మాస్టారి కాళ్ళు ఎక్కడున్నాయో చూడండి. ఫీజు ఎంత, కారు ఏది, ఇంటి దగ్గరికి వచ్చి ఎక్కించుకుంటారా, ఇవన్నీ ఎలాగూ అడుగుతాం. కాళ్ళ సంగతి ఎవరూ అడగరు. నేను విశాఖపట్నంలో నలభై దాటాక రెండు స్కూళ్ళలో ఫీజు కట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు రెండేళ్ళు దాటింది, సొంత మాన్యువల్ కారులోనే రోజూ ఆఫీసుకి వెళ్ళొస్తున్నాను. ఎవరి పాఠం నిలబడిందో, ఎవరిది నిలబడలేదో ఇప్పుడైతే ధైర్యంగా చెప్పగలను.

స్కూలు కారులో ఎడమ పక్క సీటు ముందు కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి కదా. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మాస్టారు కూడా బండిని అదుపు చేసి ఆపగలిగేలా రెండో కంట్రోల్ ఉండి తీరాలి. ప్రాణం కాపాడే ఏర్పాటు, దాన్ని తప్పు పట్టను. నా కోపమంతా దాన్ని వాడే తీరు మీద. ఆ పెడల్స్‌ని మన పెడల్స్‌తో కలిపి ఉంచుతారు, ఆయన అటు తొక్కితే ఇటు మనదీ దిగుతుంది. మొదటి స్కూల్లో నేనింకా కాలు కదపకముందే క్లచ్చు నా అరికాలి కింద నుంచి దానంతటదే కిందకి జారిపోయేది. మళ్ళీ అంతే మెత్తగా పైకొచ్చి పాదానికి ఆనేది. కారు కుదుపు లేకుండా కదిలేది, కుదుపు లేకుండా ఆగేది. "సూపర్‌గా చేస్తున్నారు మేడం" అనేవాడు నేర్పే కుర్రాడు. స్టీరింగు నా చేతిలో ఉండేది, మిగతా కారంతా అతని కాళ్ళ కింద ఉండేది.

అతనేమీ చెడ్డవాడు కాదు. తెల్లారకముందే మొదలుపెడితే రాత్రి వరకూ వరసగా క్లాసులే. నాకిచ్చిన అరగంట అయ్యేసరికి ఎంవీపీ కాలనీలో ఇంకొకరు గేటు దగ్గర నిలబడి ఉంటారు. నేను నాలుగుసార్లు బండి ఆఫ్ చేశానంటే ఆ రోజు క్లాసులన్నీ వెనక్కి పోతాయి. క్లచ్చు ప్లేటు అరిగితే ఓనరు అతన్నే అడుగుతాడు. అందుకని నా బదులు తనే తొక్కేసేవాడు. నష్టపోయింది మాత్రం నేను.

లైసెన్సు పరీక్షలో ఏమేం చూడాలో చెప్పే 15వ నిబంధనలో నిటారు ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించడం కూడా ఉంది. ఖాళీ ట్రాకు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, నాకది ఎలాగో గట్టెక్కింది. లైసెన్సు చేతికొచ్చింది. మేము సొంతంగా ఒక చిన్న పెట్రోలు కారు కొనుక్కున్నాం.

ఆ తర్వాత ఒక ఆదివారం సాయంత్రం అమ్మని ఆర్కే బీచికి తీసుకెళ్ళి, తిరుగు ప్రయాణంలో పాండురంగాపురం డౌన్ అనే ఎత్తు రోడ్డు ఎక్కుతున్నాను. వైజాగ్ వాళ్ళకి ఆ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. ఆదివారం సాయంత్రం బీచి నుంచి ఊళ్ళోకి వెళ్ళే బళ్ళన్నీ దాని మీదే ఉన్నాయా అనిపిస్తుంది. సరిగ్గా మధ్యలో ముందు కార్లు ఆగాయి, నేనూ ఆగాను. అద్దంలో చూస్తే వెనక ఒక స్కూటరు బాగా దగ్గరగా ఉంది. ముందు చిన్న పిల్లాడు నిలబడి ఉన్నాడు, వెనక తల్లి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

ముందు కారు కదిలింది. బ్రేకు మీంచి కాలు తీశాను. కారు ఒక్కసారి ఊగి ఆఫ్ అయిపోయింది. బ్రేకు పట్టుకునేలోపు వెనక్కి కొంచెం జారింది. కొలిస్తే జానెడు కూడా ఉండదేమో, కానీ స్కూటరతను "అమ్మా, అమ్మా!" అని అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. మళ్ళీ స్టార్టు చేశాను, మళ్ళీ ఆఫ్. ఈసారి భయంతో ఎక్సలేటరు గట్టిగా తొక్కితే ఇంజను గోల పెట్టింది, కారు మాత్రం కదల్లేదు. హారన్లు మొదలయ్యాయి. వెనక సీట్లో అమ్మ మాట్లాడటం మానేసి కిటికీ పైనున్న పిడి పట్టుకుంది. రోడ్డు పక్కన మురీ మిక్చర్ అమ్మే ఆయన తన బండి చక్రానికి పెట్టుకున్న ఇటుక ముక్క తీసుకొచ్చి మా వెనక టైరు కింద తోసి, కిటికీ దగ్గరికొచ్చి, "హ్యాండ్ బ్రేక్ లాగండమ్మా, కంగారు లేదు" అన్నాడు. ఒక ఆటో డ్రైవరు దిగొచ్చి, "అక్కా, మీరు పక్కకి జరగండి, పైదాకా ఎక్కించి ఇచ్చేస్తాను" అన్నాడు. ఎక్కించి ఇచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే అసలు విషయం తెలిసింది. క్లచ్చు పైకొస్తున్నప్పుడు ఇంజను చక్రాల్ని పట్టుకునే చోటు ఒకటుంటుంది, మహా అయితే అర అంగుళం. ఆ అర అంగుళం నా కాలికి పరిచయమే లేదు. స్కూల్లో ఉన్నన్నాళ్ళూ దాన్ని దాటించింది వేరే కాలు. ఫీజు కట్టిందే ఆ అర అంగుళం కోసం, అదే దక్కలేదు. ఈ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇంట్లో మావారు నేర్పుతానన్నారు. నేనే వద్దన్నాను. నలభై దాటినవాళ్ళకి తెలియకపోవడం కన్నా భయం పెద్ద అడ్డంకి, పక్కనున్నవాళ్ళు "అయ్యో అయ్యో" అంటే ఆ భయం రెండింతలవుతుంది.

రెండో స్కూలు మాధవధార వైపు, ఒకే కారున్న చిన్న స్కూలు. నేర్పేది ఓనరే. యాభై దాటిన మనిషి, అంతకుముందు అరకు ఘాటీలో టూరిస్టు బళ్ళు నడిపారు. మొదటి రోజు పొద్దున్నే ఎవరూ తిరగని ఒక ఎత్తు వీధిలోకి తీసుకెళ్ళి కారు ఆపించారు. తన సీటు వెనక్కి జరుపుకున్నారు. చెప్పులు విప్పి కాళ్ళు రెండూ సీటు కిందకి లాక్కుని, "చూశారు కదమ్మా, ఇంక బండి మీదే. బ్రేకు మీద కుడికాలు ఉన్నంతసేపూ ఎక్కడికీ పోదు. ఆఫ్ అయితే అవనివ్వండి" అన్నారు. ఏసీ ఆపించి, అద్దాలు దింపించారు. ఫస్ట్ గేరు వేసి, బ్రేకు తొక్కి ఉంచి, క్లచ్చు మాత్రం వదలమన్నారు, గోరంత గోరంత. "చెవి ఇంజను మీద పెట్టండి. గొంతు తగ్గుతుంది, అప్పుడు ఆగిపోండి" అన్నారు. నిజంగానే ఒక చోట ఇంజను శబ్దం బరువెక్కింది. స్టీరింగులో సన్నటి వణుకు వచ్చింది. బానెట్ ముక్కు కాస్త పైకి లేచినట్టయింది. "అదే. కాలు కదపకుండా ఇప్పుడు బ్రేకు వదిలేయండి" అన్నారు. వదిలాను. అంత ఎత్తు మీద కారు ముందుకి పోలేదు, వెనక్కీ రాలేదు. నా ఎడమ పాదం మీద నిలబడింది.

ఆ క్షణం కలిగిన సంతోషం లైసెన్సు వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఆ వారమంతా ఆ వీధిలో అదే పని. ఆపడం, పట్టుకోవడం, కదలడం. ఎక్కువసేపు అలా క్లచ్చు మీదే నిలబెడితే ప్లేటు మాడుతుందని, ఎత్తు మీద ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు లాగి, కదిలేముందు మాత్రమే క్లచ్చుని ఆ చోటుకి తెచ్చుకోవాలని ఆ తర్వాత నేర్పారు. సింహాచలం ఘాట్ రోడ్డు ఆయన పక్కనుండగా ఒకసారి ఎక్కాను, తర్వాత ఆయన లేకుండా అమ్మని తీసుకుని ఎక్కాను.

ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నారని రాశాను గానీ, అది ఖాళీ వీధిలో మాట. హనుమంతవాక జంక్షన్ లాంటి చోట్ల పాదాలు పెడల్ పక్కనే ఉండేవి, ఉండాలి కూడా. ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఒకసారి బ్రేకు ఆయనే కొట్టారు. కొట్టిన మరుక్షణం, "ఇది నేను తొక్కానమ్మా, మీరు కాదు" అని చెప్పారు. నాకు కావలసింది ఈ మాటే. పెడల్ మీద కాలు పెట్టడం తప్పు కాదు, మనకి తెలియకుండా తొక్కి, మనమే చేశామనిపించడమే తప్పు.

ఇక డబ్బు. మొదటి స్కూలు తీసుకున్నది 5,500 రూపాయలు, అరగంట చొప్పున పదిహేను క్లాసులు. చూడ్డానికి చవక. కానీ అవి ఏడున్నర గంటలే, గంటకి 730 పైన పడింది. రెండో ఆయన 6,500 తీసుకుని పది గంటలు నడిపించారు, గంటకి 650. సొంత కారు లాంటి బళ్ళకి శిక్షణ 21 రోజులకి తగ్గకూడదని, అందులో బండి నడిపే సమయం 10 గంటలకి తగ్గకూడదని 31వ నిబంధన చెబుతోంది. ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాసే రిజిస్టరు ఒకటి స్కూల్లో ఉండాలి, దాన్ని ఫారం 15 అంటారు. డబ్బు కట్టేముందు "నా గంటలు ఎక్కడ రాస్తారు?" అని అడగండి. రిజిస్టరు తీసి చూపిస్తే ఒక సంగతి, "అవన్నీ మేం చూసుకుంటాంలెండి" అంటే ఇంకో సంగతి.

అలాగని ఈ మాస్టారు అన్నిట్లో గొప్ప అనలేను. టైముకి రారు. ఆరింటికి అంటే ఆరుంపావు. క్లాసు మధ్యలో ఫోను మాట్లాడతారు. ఆయన ఓపిక కూడా పొద్దున్న బ్యాచిలోనే చూశాను, సాయంత్రం వెళ్ళిన రోజుల్లో "తొందరగా కానివ్వండమ్మా" అన్నది కూడా ఆయనే. రివర్సు, పార్కింగు ఆదరాబాదరాగా ముగించారు. అపార్టుమెంటు సెల్లారులో రెండు స్తంభాల మధ్య కారు పెట్టడం నాకు నేర్పింది మా వాచ్‌మన్. రాత్రి పూట, వానలో, హైవే మీద ఒక్కసారి కూడా నడిపించలేదు. వానాకాలం మొదటి నెల చాలా ఇబ్బంది పడ్డాను. ఆ ఎత్తు వీధిలో గడిపిన వారంలో ఒక్క రోజు వీటికి ఇచ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంకో సంగతి. నా ఇల్లు ఎత్తు మీద ఉంది, నాది మాన్యువల్ కారు, అందులో ఎత్తు మీద కారు వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ లేదు, పొద్దున్నే నాకు ఖాళీ దొరికేది. కాబట్టి ఆయన పాఠం నాకు బంగారమైంది. కాకినాడ లాంటి చదునైన ఊళ్ళో ఉండి ఆటోమేటిక్ కొనుక్కునేవాళ్ళకి క్లచ్చు మీద అన్ని రోజులు పెట్టడం దండగ కావచ్చు. వాళ్ళు పార్కింగు బాగా నేర్పేవాళ్ళని వెతుక్కోవడం మంచిది. రెండేళ్ళుగా ట్రాఫిక్‌లో క్లచ్చు తొక్కి తొక్కి నా ఎడమ మోకాలు నొప్పి పెడుతోంది, తర్వాతి కారు నేనూ ఆటోమేటిక్ తీసుకోవచ్చు.

మా ఆడపడుచు గాజువాకలో ఉంటుంది, ఇప్పుడు నేర్చుకుంటానంటోంది. రోజూ అక్కణ్ణించి మాధవధార రావడం కుదరని పని కాబట్టి ఈయన నంబరు ఇవ్వలేదు, అక్కడే రెండు మూడు స్కూళ్ళు చూసుకోమన్నాను. డెమోలకి నేను కూడా వచ్చి వెనక సీట్లో కూర్చుంటానని చెప్పాను.