సెకండ్ హ్యాండ్ నికాన్ డి750 ఎనిమిది నెలల వాడకం: చేతిలో ఫోన్ ఉండగా కెమెరా ఎందుకు కొన్నానంటే

మూడేళ్ళు నేను కెమెరా ముట్టుకోలేదు. పాత డీఎస్ఎల్ఆర్ ఒకటి ఉండేది, ఫోన్ మార్చినప్పుడు దాన్ని అమ్మేసా, 200 మెగాపిక్సెల్ అని వినేసరికి ఇంక విడిగా కెమెరాతో పనేముంది అనిపించింది. పిల్లల పుట్టినరోజులు, ఊళ్ళో జాతర, అరకు ట్రిప్ అన్నీ ఫోన్ తోనే అయిపోయాయి, నిజంగా ఏ లోటూ కనపడలేదు.

లోటు ఎక్కడ బయటపడిందంటే మా పిన్ని కూతురి నిశ్చితార్థంలో. ఫొటోలన్నీ నేనే తీస్తా అని మాటిచ్చి ఫోన్ తోనే తీసా. స్క్రీన్ మీద చూసి అందరూ సూపర్ అన్నారు, స్టేటస్ లు కూడా పెట్టుకున్నారు. ఆల్బమ్ వేయిద్దామని 12 బై 36 అంగుళాల షీట్లు డిజైన్ చేయించాక తెలిసింది అసలు సంగతి. మొహాలు మైనం పూసినట్టున్నాయి, పట్టుచీర జరీ అంచు ఏ పనితనమూ కనపడకుండా ఒట్టి పసుపు పట్టీ అయిపోయింది, పోర్ట్రెయిట్ మోడ్ లో తీసినవాటిలో అయితే జడలో మల్లెపూలు సగం ఉన్నాయి, సగం వెనక బ్లర్ లో కలిసిపోయాయి. పిన్ని ఒక్క మాట కూడా అనలేదు, అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది. ఆ ఫోన్ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే అది ఒక్క ఫోన్ తప్పు కాదు, అంత చిన్న సెన్సార్ (లెన్స్ వెనక వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్) ఉన్న దేనితో తీసినా జరిగేదే.

పెళ్ళికి నాలుగు నెలల టైముంది. హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠీలో తిరిగి తిరిగి ఈ డి750 పట్టుకున్నా. బాడీ 45 వేలు, 38 వేల షటర్ కౌంట్, అంటే అప్పటిదాకా షటర్ నొక్కిన సార్లు (నికాన్ దీని షటర్ ని లక్షన్నర సార్లకి టెస్ట్ చేసింది కాబట్టి ఇంకా చాలా ఆయుష్షుంది), దాంతోపాటు 85 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ కూడా పాతదే తీసుకున్నా. 2014 లో వచ్చిన మోడల్, 24 మెగాపిక్సెల్. పదేళ్ళ పాత కెమెరానా అని మా బావ నవ్వాడు. మీరు కొనేటట్టయితే ఒక మాట, 2014 నుంచి 2016 మధ్య తయారైన కొన్ని డి750 ల్లో షటర్ సమస్య ఉందని నికానే ప్రకటించి ఫ్రీగా బాగుచేసింది, కాబట్టి సీరియల్ నంబర్ చూసుకుని, ఆ రిపేర్ అయిందో లేదో అడిగి మరీ కొనండి.

ఇప్పుడు పెళ్ళి సంగతి చెప్తా, నా రివ్యూ అంతా అందులోనే ఉంది. ముహూర్తం తెల్లవారుజామున, ఇంటి ముందు వేసిన పందిట్లో, నాలుగు ట్యూబ్ లైట్లు, ఒక వీడియో లైటు అంతే. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అడ్డుతెర పక్కకి తీయగానే చుట్టాలంతా లేచి నిలబడతారు, మనకి దొరికేది రెండు మూడు సెకన్లు. పంతులుగారిని మళ్ళీ పెట్టించండి అని అడగలేం కదా. డి750 ఆటోఫోకస్ మైనస్ 3 ఈవీ దాకా, అంటే దాదాపు వెన్నెలంత వెలుగులో కూడా పనిచేసేలా చేశారు, ఆ మసక వెలుతురులో కూడా చెల్లి కళ్ళ మీద టక్కున పట్టుకుంది. తలంబ్రాలప్పుడు షటర్ సెకనులో 500వ వంతు పెట్టి వరసగా నొక్కుతూ పోయా, గాల్లో ఒక్కో బియ్యపు గింజ విడివిడిగా, వాటి వెనక చెల్లి నవ్వు, బాసికం దారాలు కూడా లెక్కపెట్టొచ్చు. అదే తలంబ్రాలు పక్కనే నిలబడి మా తమ్ముడు మంచి ఖరీదైన ఫోన్ తో తీశాడు, గింజలన్నీ తెల్ల గీతల్లా వచ్చాయి. తక్కువ వెలుతురులో ఫోన్ షటర్ ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, పైగా నాలుగైదు ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతుంది, కదలని వాటికి అది అద్భుతంగా పనిచేస్తుంది గానీ ఎగిరే బియ్యాన్ని ఏం కలుపుతుంది చెప్పండి.

దీనికంతటికీ మూలం సెన్సార్ సైజు. డి750 ది ఫుల్ ఫ్రేమ్, 36 బై 24 మిల్లీమీటర్లు. ఖరీదైన ఫోన్లలో మామూలుగా ఉండే 1/1.3 అంగుళం సెన్సార్ సుమారు 10 బై 7 మిల్లీమీటర్లు, అంటే విస్తీర్ణంలో 12 రెట్లు తేడా. ఒక అంగుళం సెన్సార్ అని చెప్పుకునే ఫోన్లు తీసుకున్నా ఇంకా 7 రెట్ల తేడా ఉంటుంది. వాన పడేటప్పుడు గంగాళం పెట్టినోడికీ గ్లాసు పెట్టినోడికీ ఉండే తేడా అది. 200 మెగాపిక్సెల్ అన్నది కూడా మామూలుగా నొక్కితే పదహారు పిక్సెళ్ళని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది, స్క్రీన్ కి అది చాలు, ఆల్బమ్ షీటుకి చాలదు.

ఇంకోటి, దీన్లో రెండు కార్డులు పడతాయి, రెండిట్లోనూ ఒకేసారి సేవ్ అవుతుంది. పెళ్ళి తీసేవాళ్ళకి ఇదెంత ధైర్యమో తీసినవాళ్ళకే తెలుసు. ఫుల్ చార్జ్ చేసిన బ్యాటరీతో రాత్రంతా లాగించేశా, రెండోది బ్యాగ్ లోంచి తీయలేదు.

ఫోన్ ముందు ఇది తేలిపోయే చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి. స్క్రీన్ చూస్తూ తీసే లైవ్ వ్యూలో ఫోకస్ నిదానం, దీన్ని కన్ను పెట్టి తీయడానికే తయారుచేశారు. 4కే వీడియో లేదు. బాడీ, లెన్స్, బ్యాటరీ కలిపితే దాదాపు కిలో రెండొందల గ్రాములు, మెడకి తగిలించుకుని నాలుగు గంటలు తిరిగితే తెలుస్తుంది. రాత్రిపూట ప్రకాశం బ్యారేజీ మీద లైట్లు, కదలని బిల్డింగులు, అలాంటివి ట్రైపాడ్ లేకుండా తీయాలంటే ఫోన్ నైట్ మోడే నయం, నేను రెండూ పెట్టి తీసి చూశా. రోజువారీ ఫొటోలకి ఇప్పటికీ నా చేతిలో ఫోనే.

కెమెరాలు పోతాయా అని అందరూ అడుగుతుంటారు. కొన్ని పోయాయి కూడా. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క ప్రకారం 2010 లో 12 కోట్లకి పైగా డిజిటల్ కెమెరాలు పంపితే 2023 కి అది 80 లక్షల లోపుకి వచ్చేసింది. మనం టూర్లకి జేబులో వేసుకెళ్ళిన చిన్న కెమెరాలని ఫోన్ దాదాపు పూర్తిగా మింగేసింది. నా ఉద్దేశంలో అక్కడితో ఆగుతుంది. వెలుతురు తక్కువ, మనిషి కదులుతున్నాడు, రెండో ఛాన్స్ లేదు, ఈ మూడూ ఒక్కచోట కలిసిన పని ఏదైనా ఇంకా కెమెరాదే, మన పెళ్ళిళ్ళలో ఆ మూడూ ప్రతి అరగంటకీ కలుస్తాయి.

కొత్తది కొనే స్తోమత ఉంటే మిర్రర్‌లెస్ (డీఎస్ఎల్ఆర్ లో లాగా లోపల అద్దం ఉండని కెమెరా) కి వెళ్ళండి, కంటిని వెతికి పట్టుకునే ఫోకస్ వాటిలో చాలా ముందుంది. బడ్జెట్ 70 వేల లోపైతే మాత్రం కళ్ళు మూసుకుని డి750, 85 ఎంఎం తీసుకోండి. తలంబ్రాల ఫొటో 20 బై 30 ప్రింట్ వేయించి పిన్ని వాళ్ళింటికి తీసుకెళ్తే హాల్లో ఉన్న క్యాలెండర్ తీసేసి అక్కడ మేకు కొట్టించింది.

ఇప్పుడు నా దృష్టి గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు మీద ఉంది. గూడబాతులు చెట్ల మీద వాలేటప్పుడు తీయాలి, దానికి నికాన్ 200-500 లెన్స్ కావాలి, రెండు కిలోల పైనే బరువు. ఎవరైనా రోజువారీ అద్దెకి తీసుకుని వాడి ఉంటే ఎంతవుతుందో, డిపాజిట్ ఎంత అడుగుతున్నారో కాస్త చెప్పండి.