కలివి కోడి అని చెప్పి థిక్‌నీని చూపించారు

కడప జిల్లా లంకమల అభయారణ్యం యాత్రలో చేదు మిగిల్చింది ఒక్క రాత్రే. కలివి కోడి (ఇంగ్లిష్‌లో జెర్డాన్స్ కోర్సర్) అనే అరుదైన పక్షిని గ్యారంటీగా చూపిస్తానని గైడు తలకు 1,500 రూపాయలు తీసుకుని, అభయారణ్యం బయట బీడులో టార్చి వెలుగు పడిన థిక్‌నీ అనే వేరే పక్షిని చూపించాడు. తోటివాళ్లు ఫొటోలు చూసుకుని మురిసిపోయారు. అసలు సంగతి తెలిశాక కడప చేరేదాకా జీపులో ఎవరూ పలకలేదు.

1900 తర్వాత జాడ లేకుండా పోయి, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికిన పక్షి కలివి కోడి. దీనికి గ్యారంటీ ఇచ్చేవాణ్ని నమ్మకండి.

రెండింటినీ విడదీయడం కష్టమేమీ కాదు. థిక్‌నీ దాదాపు 40 సెంటీమీటర్లు ఉంటుంది, రొమ్మంతా సన్నటి నల్లచారలు, పెద్ద పసుపురంగు కళ్లు. కలివి కోడి 27 సెంటీమీటర్లే. ముందు రొమ్ము చూడండి: రెండు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య తెల్ల పట్టీ. గొంతు మీద ఇటుకరంగు మచ్చ, కంటిపైన వెడల్పాటి లేతరంగు కనుబొమ. రొమ్ము కనబడకుండా వెనక్కి తిరిగి ఉన్న ఫొటోతో ఏదీ తేల్చలేం. తీతువును కూడా చీకట్లో దీనిగా పొరబడతారు గానీ, అది ఎగరగానే అరిచి తన పేరు తనే చెప్పేస్తుంది.

చూపు కన్నా చెవి నయం. పొద్దుగూకాక ముప్పావుగంటకో, గంటకో కలివి కోడి రెండక్షరాల కూత వరసగా వినిపిస్తుంది, కొద్ది నిమిషాల్లోనే ఆగిపోతుంది. ఆలస్యంగా వెళ్తే ఆ రాత్రికి అంతే.

కలివి, రేగు, చండ్ర పొదల మధ్య ఖాళీ నేలలో అడుగుజాడలూ వెతకొచ్చు. పరిశోధకులు సన్నమట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారి చూస్తారు. వెనక వేలి గుర్తుంటే కౌజో పూరేడో అయి ఉంటుంది. కలివి కోడికి ముందు మూడు వేళ్లే. థిక్‌నీకీ అంతే కాబట్టి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయకపోతే ఆ జాడ ఎందుకూ పనికిరాదు.

బసకు ఢోకా లేదు. కడపలో 1,200కు శుభ్రమైన గది దొరికింది. సిద్ధవటం కోట పగటిపూటకు చక్కగా సరిపోతుంది. అభయారణ్యంలోకి వెళ్లాలంటే కడప అటవీ శాఖ కార్యాలయంలో ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఫోన్లో కూత మోగించి పిలుస్తానన్న గైడును మాత్రం వద్దనండి: పక్షి బెదురుతుంది, పైగా మీ రికార్డులో ఏది ఫోను, ఏది పక్షి అన్నది తర్వాత ఎవరూ తేల్చలేరు.