హైదరాబాద్ వీధుల్లో భద్రత: కెమెరాల కళ్లా, మనుషుల చూపా?

రాత్రి తొమ్మిది దాటాక బస్‌స్టాప్ నుంచి ఇంటికి నడిచే మహిళకు నగరం ఇవ్వగల భరోసాలు ప్రధానంగా రెండు: నిఘా కెమెరా ఒకటి, వెలుతురుతో, మనుషులతో నిండిన వీధి మరొకటి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం, జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని నిర్దేశించడంతో మొదటి మార్గానికి హైదరాబాద్‌లో ఊతం దొరికింది. నేరం జరిగాక నిందితుడిని గుర్తించడంలో దాని ఉపయోగాన్ని కాదనలేము. అయితే చీకటి సందులో నడిచేవారి గుండెదడను అది తగ్గించదు.

రెండో మార్గం చాలావరకు నగరపాలక సంస్థ చేతిలోనిదే. వీధి దీపం, కాలిబాట, మరుగుదొడ్డి, తోపుడు బండికి చోటు చిల్లర పనులుగా కనిపిస్తాయి గానీ, రాత్రి పదింటిదాకా మిర్చిబజ్జీల బండి నడిపే మనిషి ఆపదను పసిగట్టి అప్పటికప్పుడు కేక వేయగలడు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం, వీధి వ్యాపారంపై నిర్ణయాల్లో పాలుపంచుకునే పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం 40 శాతం స్థానాలను వ్యాపారులకు, వాటిలో మూడో వంతును మహిళలకు కేటాయించింది. భద్రత పేరిట బండ్లను తొలగించేవారికి ఈ సంగతి తరచూ గుర్తుండదు. పైగా చక్రాల కుర్చీలో వెళ్లేవారికి కెమెరా వల్ల ఒరిగేదేమీ లేదు. వారికి కావలసింది ఎగుడుదిగుడు లేని కాలిబాట. నిధులు ఒకదానికే సరిపోయే వార్డులో నేను రెండోదాన్నే ఎంచుకుంటాను; కెమెరాలు ప్రధాన కూడళ్లకు పరిమితమైతే చాలు.