కెర్నల్ మాడ్యూల్ నేర్చుకోవడానికి వర్చువల్‌బాక్స్, రెండు నెలలు వాడి రాస్తున్నా

విజయవాడ సత్యనారాయణపురంలో రూమ్‌లో ఉంటున్నా, ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, కాలేజీ ప్రాజెక్టు మొత్తం దాంట్లోనే, అందుకే లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ జోలికి వెళ్లాలంటే, తప్పు చేస్తే సిస్టమే ఆగిపోద్దని భయమేసేది. రూమ్‌మేట్ వాళ్లన్న "వర్చువల్‌బాక్స్ వేసుకో తమ్ముడూ, పోతే వీఎమ్ పోద్ది, ల్యాప్‌టాప్ పోదుగా" అన్నాడు. వర్చువల్‌బాక్స్ అంటే ల్యాప్‌టాప్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ (వీఎమ్) నడిపే సాఫ్ట్‌వేర్. ఫ్రీయే కదా అని వేశా, వీఎమ్‌లో ఉబుంటు లైనక్స్‌కి 2 జీబీ ర్యామ్ ఇచ్చా, హెలో అని మెసేజ్ ఇచ్చే చిన్న మాడ్యూల్‌కి (నడుస్తున్న కెర్నల్‌కి తగిలించే కోడ్ ముక్క) అది చాలు.

మొదటిరోజు బాగానే ఎక్కిన మాడ్యూల్ మర్నాడు ఇన్‌స్మాడ్ (మాడ్యూల్ ఎక్కించే కమాండ్) కొడితే ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్ అంది. గంటసేపు కోడ్‌లో వెతికా, అక్కడేం లేదు. డీమెసెగ్ (కెర్నల్ మెసేజ్‌లు చూపే కమాండ్) చూస్తే వెర్మ్యాజిక్ (మాడ్యూల్‌ని ఏ కెర్నల్ వెర్షన్‌కి కంపైల్ చేశామో చెప్పే గుర్తు) కలవలేదని ఉంది, అంటే అప్‌డేట్‌లో కెర్నల్ మారిపోయింది, నేనేమో పాతదానికి కంపైల్ చేసిన ఫైలే ఎక్కిస్తున్నా. మేక్ క్లీన్‌తో పాత ఫైళ్లు తీసేసి, మేక్‌తో మళ్లీ కంపైల్ చేస్తే ఎక్కేసింది. ఎక్కింది గానీ హెలో రాలేదు, తీరా ఆర్ఎంమాడ్ (మాడ్యూల్ తీసేసే కమాండ్) కొట్టాక కనబడింది! ప్రింట్‌కే (కెర్నల్లో మెసేజ్ రాసే ఫంక్షన్) మెసేజ్ చివర న్యూలైన్ పెట్టకపోతే తర్వాతి మెసేజ్ వచ్చేదాకా అది బయటికి రాదు.

వర్చువల్‌బాక్స్ అసలు విలువ నా కోడ్ నల్ పాయింటర్‌ని (ఎక్కడికీ చూపని మెమరీ అడ్రస్) ముట్టుకున్నరోజు తెలిసింది. ఇన్‌స్మాడ్ కిల్డ్ అని ఆగింది, డీమెసెగ్ నిండా ఊప్స్ (కెర్నల్ తప్పు జరిగిందని ఇచ్చే రిపోర్టు), మాడ్యూల్ తీద్దామంటే వాడకంలో ఉంది అని తియ్యనివ్వదు, మామూలుగా అయితే రీబూటే గతి. కానీ ముందే వీఎమ్ నడుస్తుండగా స్నాప్‌షాట్ (ఆ క్షణంలో వీఎమ్ ఎలా ఉందో దాని కాపీ) తీసిపెట్టుకున్నా, అది ర్యామ్‌తో సహా సేవ్ అవుద్ది, రీస్టోర్ చేసి స్టార్ట్ కొడితే టెర్మినల్ ఎక్కడ వదిలానో అక్కడికే వచ్చేసింది. ఇక ధైర్యంగా ఏదైనా ట్రై చెయ్యొచ్చు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, రీస్టోర్ చేస్తే డిస్క్ కూడా వెనక్కెళ్లిపోద్ది, స్నాప్‌షాట్ తర్వాత రాసిన కోడ్ ఉండదు. నాకు ఒక సాయంత్రం రాసిందంతా అలాగే పోయింది, చాలా బాధేసింది. ఇప్పుడు సోర్స్ కోడ్‌ని షేర్డ్ ఫోల్డర్లో (ల్యాప్‌టాప్‌లో ఉండి వీఎమ్‌కీ కనబడే ఫోల్డర్) పెట్టి, వీఎమ్ లోపలికి కాపీ చేసుకుని బిల్డ్ చేస్తున్నా.

ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుకి డ్రైవర్ రాద్దామంటే దీంట్లో కుదరదు, వీఎమ్‌కి కనబడేది ఉత్తుత్తి ఈథర్‌నెట్ కార్డే. అందుకే 5కి 4 స్టార్లు. వేసుకునేవాళ్లు వీఎమ్ సెట్టింగ్స్‌లో సీరియల్ పోర్ట్‌ని ల్యాప్‌టాప్‌లోని ఒక ఫైల్‌కి కలిపి, కెర్నల్ కమాండ్ లైన్లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగ్స్) కన్సోల్‌ని టీటీవైఎస్ 0 కి, అంటే ఆ సీరియల్ పోర్ట్‌కి, మార్చుకోండి, పానిక్‌తో (కెర్నల్ పూర్తిగా ఆగిపోవడం) వీఎమ్ మొత్తం బిగుసుకుపోయినా చివరి మెసేజ్‌లు ఆ ఫైల్లో ఉంటాయి.