బెంగ్ట్ ఎకెరోట్ కోసం ఒక బ్లూరే: కొనేముందు రీజియన్ చూసుకోండి

క్రైటీరియన్ అనే అమెరికా డిస్కుల కంపెనీ వేసిన స్వీడిష్ సినిమా 'ద సెవెన్త్ సీల్' (1957) బ్లూరే తెప్పించుకోవాలనుకునే నెల్లూరు వాళ్లకు ముందు చెప్పాల్సింది సినిమా సంగతి కాదు, రీజియన్ సంగతి. బ్లూరేలకు ప్రపంచాన్ని ఏ, బీ, సీ అని మూడు రీజియన్లుగా పంచి తాళం వేశారు. ఈ డిస్కు రీజియన్ ఏ, మన దేశం రీజియన్ సీ. ఇక్కడి మామూలు ప్లేయర్‌లో పెడితే ఆడదు. పాడైపోయిందనుకుని తిప్పి పంపకండి. 'మల్టీ రీజియన్' అని అమ్మే ప్లేయర్లలో చాలావాటికి ఆ సౌకర్యం డీవీడీల వరకే. బ్లూరేలో ఏ, బీ, సీ మూడూ ఆడతాయా అని విడిగా అడగాలి. బ్లూరే కంటే స్పష్టంగా ఉండే 4కే యూహెచ్‌డీ డిస్కులకు ఈ తాళం లేదు గానీ, వాటికి 4కే ప్లేయరే కావాలి.

ఇంత తంటా ఎకెరోట్ కోసం పడొచ్చు. 1920లో స్టాక్‌హోమ్‌లో పుట్టి 1971లో పోయిన ఈ నటుడిది ఇందులో మృత్యువు వేషం. ఆ మృత్యువుతో చదరంగం ఆడే యోధుడు హీరో మాక్స్ ఫాన్ సిడో. ఎకెరోట్ వచ్చేది కాసేపే అయినా సినిమా అనగానే గుర్తొచ్చేది ఆయనే. మన యముడికి కిరీటం, గద, దున్నపోతు ఉంటాయి. 'యమగోల'లోనైతే కైకాల గొంతు కూడా. ఈయనకు ఉన్నదల్లా నల్ల అంగీ, సున్నం కొట్టినట్టున్న ముఖం. బఫూన్ ముఖాన్నీ పుర్రెనూ కలిపి దర్శకుడు బెర్గ్‌మన్, ఎకెరోట్ తయారుచేసుకున్న మేకప్ అది. చర్చిలో యోధుడు పాపాలు ఒప్పుకుంటూ తన చదరంగం ఎత్తు కూడా బయటపెట్టేస్తాడు. కటకటాల అవతల ఉన్నది ఫాదర్ కాదు, ఆట ఆడుతున్న మృత్యువే! అక్కడ ఎకెరోట్ గొంతు పెంచడు, తొందరపడడు. పురమందిరంలో నాటకాలు చూసిన కళ్లకు ఆ నిలకడ విలువ ఇట్టే తెలుస్తుంది. ఆయన రంగస్థల దర్శకుడు కూడా. అమెరికన్ నాటకకర్త యూజీన్ ఓనీల్ రాసిన 'లాంగ్ డేస్ జర్నీ ఇంటూ నైట్' ప్రపంచంలో మొదటిసారి ఆడింది 1956 ఫిబ్రవరిలో, స్టాక్‌హోమ్‌లో, ఆయన దర్శకత్వంలోనే.

బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, పక్కల నల్ల పట్టీలు వస్తాయి. అవి పోవాలని టీవీలో 'జూమ్' నొక్కితే తలలు తెగుతాయి. బ్రైట్‌నెస్ పెంచితే నల్ల అంగీ బూడిదరంగుకు తిరిగి, ముఖం తేలిపోతుంది. కదలికల్ని నున్నగా చేసే 'మోషన్ స్మూతింగ్' సెట్టింగ్ ఆపేయండి, లేకపోతే సీరియల్‌లా కనిపిస్తుంది. సౌండ్ మోనోయే, సరౌండ్ ఎఫెక్టులు దండగ. స్వీడిష్ ఆడియోనే పెట్టుకోండి, ఇంగ్లిష్ డబ్బింగ్‌లో ఎకెరోట్ గొంతు ఉండదు. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లిష్‌వే దిక్కు.

ఎకెరోట్‌ని ఇంకాస్త చూడాలంటే 'ద మెజీషియన్' (1958) ఉంది, చావుబతుకుల్లో ఉన్న నటుడి వేషం. క్రైటీరియన్‌లో అదీ రీజియన్ ఏ డిస్కే.