నల్లబల్ల రాతకు ఒక ఫాంట్: ఫాంట్‌ఫోర్జ్ వాడి చూశాక

మా రెండో తరగతి పిల్లలకు ప్రతి శనివారం ఒక వర్క్‌షీట్ ఇస్తాను. కంప్యూటర్లో టైప్ చేసి ప్రింట్ తీసి ఇచ్చినప్పుడల్లా ఒకటే ఇబ్బంది. ఆ అచ్చు అక్షరం ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా ఉంటుంది. పిల్లలు ఆ లావును కూడా దిద్దుతారు. పెన్సిల్‌తో రెండు అంచులూ గీసి మధ్యలో నింపుతారు. అది రాయడం కాదు, బొమ్మ వేయడం. నేను నల్లబల్ల మీద రాసే అక్షరమే కాగితం మీద కూడా కనపడితే బాగుండునని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఈ వేసవి సెలవుల్లో, ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్ పట్టుకుని ఆ పని మొదలుపెట్టాను.

అంతకుముందు ఒక ఆన్‌లైన్ సర్వీసులో ప్రయత్నించాను. గళ్ల కాగితంలో ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాసి ఫోటో ఎక్కిస్తే ఫాంట్ వచ్చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు ముచ్చటగా వచ్చాయి. తెలుగులో 'అమ్మ' అని కొడితే మాత్రం పొల్లు విడిగా, రెండో 'మ' విడిగా నిలబడ్డాయి. తెలుగుకు అక్షరాలు గీసి ఇస్తే సరిపోదు. ఏది దేనితో ఎలా కలుస్తుందో కూడా చెప్పాలి.

ఫాంట్‌ఫోర్జ్‌లో అది చెప్పే వీలుంది. జార్జ్ విలియమ్స్ 2000లో వేరే పేరుతో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. 2004లో ఈ పేరు వచ్చింది. రూపాయి కట్టనక్కర్లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి, ఫోన్‌తో స్కాన్ చేసి, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చి ఇందులోకి తెచ్చుకున్నాను. ఇక్కడిదాకా రెండు మధ్యాహ్నాల పని.

అసలు పని ఆ తర్వాతే. 'పొల్లు, త వరుసగా వస్తే తవత్తు చూపించు' అని ఒక్కో హల్లుకూ చెప్పుకుంటూ పోవాలి. వీటిని లుకప్‌లు అంటారు. స్క్రిప్ట్ (లిపి) అని అడిగిన చోట తెలుగుకు ఉన్న 'టెల్2' (tel2) గుర్తు ఇవ్వడం మరచిపోకండి. నేను మరచిపోయి, వత్తు కిందికి ఎందుకు దిగడం లేదో తెలియక రెండు రోజులు టెన్షన్ పడ్డాను. గుడి వస్తే తలకట్టు పోయి అక్షరం రూపమే మారుతుంది కాబట్టి, గుడికీ గుడిదీర్ఘానికీ ప్రతి హల్లునూ విడిగా గీశాను. క్ష, ఱలతో కలిపి 36 హల్లులు, అంటే 72 బొమ్మలు.

నాకు బాగా నచ్చింది రిఫరెన్స్ పద్ధతి. తలకట్టును ఒక్కసారి గీసి, తలకట్టు ఉండే అక్షరాలన్నిటి మీదా కూర్చోబెట్టవచ్చు. అసలుది సవరిస్తే అన్నిచోట్లా మారిపోతుంది. కానీ ఒకే తలకట్టు వరుసగా కనిపిస్తే అది చేతిరాతలా అనిపించలేదు, రబ్బరు స్టాంపు వేసినట్టు ఉంది. అందుకని మూడు రకాల తలకట్లు గీసి పంచాను. 'గడప' అని కొడితే మూడూ కొద్దికొద్ది తేడాతో పడతాయి. ఆ కాస్త తేడాతోనే పేజీకి ప్రాణం వచ్చింది.

ఎక్కువ సమయం పెట్టింది 'వు' మీద. పిల్లలు దాన్నీ 'మ'నూ కలిపేస్తారు. 'మ' తోక గీత మీదే సాగి పైకి లేస్తుంది. 'వు' కొమ్ము గీత కిందికి దిగి, అక్కడి నుంచి కుడివైపు పైకి తిరగాలి. నల్లబల్ల మీద ఆ దిగడాన్ని కావాలనే కాస్త ఎక్కువ చేసి చూపిస్తాను. ఫాంట్‌లోనూ అలాగే ఉంచాను. 'పు', 'ఫు'లకూ అదే కొమ్ము.

సాఫ్ట్‌వేర్ చూడటానికి పాతకాలం దానిలా ఉంటుంది. మెనూలు అలవాటు కావడానికి వారం పడుతుంది. పెళ్లికార్డు మీద ఒక్క పేరు రాసుకోవడానికైతే ఇంత శ్రమ వద్దు. ఉచితంగా దొరికే లక్కిరెడ్డి ఫాంట్ చేతిరాత తరహాలోనే ఉంటుంది, అది చాలు. మీ రాతే కావాలంటే మాత్రం ఇది నేర్చుకోండి.

నా ఫాంట్‌కు ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ పెట్టాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఫాంట్‌ను మాత్రం విడిగా అమ్మకూడదు. మా మండలంలో నలుగురు టీచర్లకు పంపాను. ఒకావిడ 'శ్రీ'లో క్రావడి మరీ కిందికి దిగి కింది వరుసలోని గుడికి తగులుతోందని ఫోటో పెట్టారు. నిజమే. ఈ ఆదివారం ఆ క్రావడి పొట్టి చేయాలి.