ఓటీలో మెమోనా, సిస్టర్ నోటి మాటనా, ఏది మేలు?

మాది మదనపల్లి, బెంగళూరులో ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్‌గా చేస్తున్నా. మొన్న మా ఊరమ్మాయి, ఇక్కడే ఇంకో హాస్పిటల్‌లో స్టాఫ్ నర్సు, ఫోన్ చేసి "అన్నా, ఓటీలో ఇన్ఫెక్షన్ రాకూడదని, మాస్క్ ముక్కు కిందకి దిగితే మెమో, తలుపు ఊరికే తీస్తే ఫైన్ అని బోర్డు పెట్టినారు, ఇది పనిచేస్తుందంటావా" అనింది. నేను ఇట్లా మెమోతో భయపెట్టే పద్ధతీ, తప్పు చూస్తే ఎవరైనా నోటితో ఆపొచ్చు అనే పద్ధతీ, రెండూ చూసినోణ్ణే.

మెమోతో లాభం లేదని అనను, మొదటి వారం ఉంగరాలు, గాజులు, చేతి దారాలు అన్నీ లాకర్లోకి పోతాయి. కానీ ఆ మెమో పడేది వార్డ్‌బాయ్‌కి, కొత్త సిస్టర్‌కే కదా, పెద్ద సర్జన్ ఫోన్ మాట్లాడుకుంటూ లోపలికొస్తే ఎవరు రాస్తారు? ఇంకోటి, భయపడితే జనం దాచేస్తారు. ముందు చేసిన చోట ఒక జూనియర్ కుర్రాడికి గ్లౌ వేలి కొసన సూది గుచ్చుకుని చిన్న చిల్లి పడింది, లోపల వేలికి రక్తం అంటింది, తిడతారని చెయ్యి డ్రేప్ (రోగి మీద కప్పే శుభ్రమైన గుడ్డ) చాటున పెట్టుకుని స్క్రబ్ సిస్టర్ (సర్జన్‌కి పరికరాలు అందించే నర్సు) చూసేదాకా నోరు విప్పలేదు. గ్లౌ మార్చడానికి ఎంతసేపు!

తలుపు ఫైన్ అయితే నవ్వొస్తుంది. కుట్టు దారం ట్రాలీలో లేకపోతే ఎవరో ఒకరు బయటికి పోవాల్సిందేగా, ముందే సర్దుకుంటే సగం తిరుగుళ్లు ఆగుతాయి.

రెండోది, ఎవరైనా "ఆగండి" అనొచ్చు అనే పద్ధతి. 2001లో అమెరికాలో పీటర్ ప్రోనోవోస్ట్ అనే డాక్టర్ జాన్స్ హాప్కిన్స్ ఐసీయూలో సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి పెట్టే సన్నని గొట్టం) వేయడానికి 5 స్టెప్పుల చెక్‌లిస్ట్ పెట్టి, ఒక్కటి వదిలినా నర్సు ఆపేయొచ్చు అన్నాడు, ఇన్ఫెక్షన్లు బాగా పడిపోయాయి. ఓటీకి 2008లో డబ్ల్యూహెచ్‌ఓ చెక్‌లిస్ట్ వచ్చింది, కోత పెట్టేముందు గడిచిన 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా అని పైకి అడగాలి. కాగితంలోనే ఉంది కాబట్టి అడిగిన పిల్లని పొగరు అనరు, పెద్దాయన్ని ఎట్లా అడిగేది అనే మొహమాటమూ ఉండదు. కేసు అయిపోయాక కాఫీ తాగుతూ ఒకే పెన్నుతో టిక్కులన్నీ కొట్టేసే చోట్లూ ఉన్నాయిలే, అక్కడ ఇదీ దండగే.

నా ఓటు రెండోదానికే. చెప్పినా వినకుండా కావాలని పదే పదే చేసేవాళ్లకి మాత్రం మెమో ఉండనీ. ఆ అమ్మాయికి ఒకటే చెప్పినా, "మీ ఇన్‌ఛార్జ్‌ని అడుగు మా, నేను సర్జన్‌ని ఆపితే, ఆయన అరిస్తే, మీరు ఎవరి పక్కన నిలబడతారు అని."